దెబ్బల ఖర్చు ఎవరి పద్దు?

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాస పాఠం)



దుర్గాబాయమ్మ గారి పేరున ఉపన్యాసం అనగానే ఉప్పు సత్యాగ్రహం గురించో, ఆంధ్ర మహిళా సభ గురించో వింటామని వచ్చి ఉంటారు. ఆ సంగతులు నాకన్నా బాగా చెప్పగలవాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు. నేను ఆవిడ చేసిన పనుల్లో పెద్దగా ఎవరూ తలుచుకోని ఒకదాని దగ్గర మొదలుపెడతాను.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆ ఏడాది జనవరిలోనే చింతామణ్ దేశ్‌ముఖ్ గారితో పెళ్లయింది. ఆయన అప్పుడు కేంద్ర ఆర్థిక మంత్రి. అంటే దేశపు ఖజానా తాళంచెవీ, దిక్కులేని ఆడవాళ్ల అర్జీలూ ఒకే ఇంటికి చేరేవన్నమాట. ఆ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవారో వినాలనిపిస్తుంది. 1958లో ఆ బోర్డు చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకోసం సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, భర్తను వదిలి వచ్చినవాళ్లు తక్కువ కాలంలో పరీక్ష గట్టెక్కి టీచరుగానో నర్సుగానో గ్రామసేవికగానో చేరాలని ఉద్దేశం. ఇల్లు విడిచి వచ్చిన మనిషికి ఓదార్పుకన్నా ముందు నెల జీతం కావాలని ఆవిడకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే, ఊహ తెలిశాక ఆ కాపురం నాకొద్దని చెప్పిన మనిషి ఆవిడ. చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూ గారి దగ్గరా, పెద్ద న్యాయమూర్తుల దగ్గరా పట్టుబట్టారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్లు.

ఆవిడ పట్టించుకున్న ఆ ఆడవాళ్ల దగ్గరి నుంచే నా మాటలోకి వస్తాను. నేను మాట్లాడబోయేది ఇంట్లో పడే దెబ్బల ఖర్చు గురించి. బాధ గురించి మన కథకులు, కవులు చాలా రాశారు. ఖర్చు గురించి రాసినవాళ్లు తక్కువ. ఖర్చు అనగానే కొందరికి చిరాకు కలుగుతుంది, ఆడదాని కన్నీళ్లకు కూడా ధర కడతారా అని. ధర కట్టమని నేను అనడం లేదు. ఆ డబ్బు ఇప్పటికే చేతులు మారుతోంది, ప్రతి నెలా, ప్రతి మండలంలో. ఎవరి చేతిలోంచి పోతోంది, ఏ పద్దు కింద రాస్తున్నారు, ఎవరు అసలు ఏమీ కట్టకుండా తప్పుకుంటున్నారు అన్నదే నా ప్రశ్న.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో తిరిగినవాళ్లకు బీడీలు చేసే ఆడవాళ్లు కొత్త కాదు. అరుగు మీద కూర్చుని, ఒళ్లో చాట, అందులో తంబాకు, పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు, కత్తెర, దారం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు, తంబాకు టేకేదారు, అంటే గుత్తేదారు, తూకం వేసి ఇస్తాడు. ఆకు చాలకపోతే సొంత డబ్బుతో కొని లెక్క పూర్తిచేయాలి. ఆ పనిలో పెట్టుబడి అంతా వేళ్లలోనే ఉంటుంది. అలాంటి ఒక మనిషిని ఊహించుకుందాం. పేరు వద్దు. రాత్రి గొడవలో మొగుడు కుడిచెయ్యి మెలిపెట్టాడు. చిటికెన వేలు కాదు, బొటనవేలి కింద వాచింది. ఇక ఖర్చు రాసుకుంటూ పోదాం.

పొద్దున్నే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళుతుంది. ఒక సూది, నాలుగు మాత్రలు, క్రేప్ బ్యాండేజీ. మూడు రోజులకీ వాపు తీయకపోతే ఆటో ఎక్కి ఏరియా ఆసుపత్రికి. అక్కడ చీటీ మీద ఏం జరిగిందని రాస్తారు? బాత్రూంలో జారిపడ్డాను అని. ఎక్స్‌రే ఫిల్ము, డాక్టరు గారి సమయం, పిండికట్టు సర్కారు ఖర్చు. ఆ ఖర్చు ఆరోగ్య శాఖ పద్దులో చేరింది, కారణం మాత్రం నున్నటి బండల పద్దులో చేరింది. తడిపిన ఆకు ఎండిపోతుంది. టేకేదారు ఊరుకోడు, తీసుకున్న సరుకుకు బీడీలు ఇవ్వాల్సిందే. అంచేత ఎనిమిదో తరగతి చదివే కూతురు బడి మాని చాట పట్టుకుంటుంది. తల్లికి కబురు వెళుతుంది. ఆమె ఉపాధి హామీ పని వదులుకుని బస్సెక్కి వస్తుంది, పది రోజులు ఉండి వంటా నీళ్లూ చూస్తుంది. ఆమె పోగొట్టుకున్న పది రోజుల కూలి వేరే జిల్లాలో, వేరే మస్టరులో ఉంది. గోడకేసి కొట్టిన సెల్‌ఫోను సంగతి సరేసరి.

నెల తిరగ్గానే సంఘం వాయిదా వస్తుంది. ఆమె కట్టలేదు. మహిళా సంఘాల్లో ఒకరు కట్టకపోతే అందరి పరువూ పోతుంది, తర్వాతి అప్పు ఆగుతుంది. అందుకని మిగతావాళ్లు తలా కొంత వేసి కడతారు. బ్యాంకు పుస్తకంలో ఆ నెల వసూలు నూటికి నూరు. మన రాష్ట్రాల పొదుపు సంఘాల వసూళ్ల రేటు చూసి దేశమంతా మెచ్చుకుంటుంది. నేనూ మెచ్చుకుంటాను. ఆ రేటులో ఒక ఇంటి దెబ్బకు పది ఇళ్లవాళ్లు కట్టిన జరిమానా కూడా కలిసి ఉందని మాత్రం ఏ నివేదికలోనూ రాయరు.

ఇంకా పంచాయితీ ఉంది. రెండు వైపులా డిపాజిట్ పెట్టమంటారు పెద్దమనుషులు. ఆడపిల్ల తరఫువాళ్లు ఆ డబ్బు అప్పు తెస్తారు. పెద్దమనుషుల చాయ్‌లు, సాయంత్రానికి సీసాలు, వాటి ఖర్చూ వాళ్లదే. తప్పు అతనిదని తేలి తప్పు కట్టమన్నా, ఆ సొమ్ము పెద్దల దగ్గర ఆగుతుంది తప్ప చెయ్యి వాచినామెకు చేరదు. ఈ జాబితా మొత్తం మళ్లీ పైనుంచి కిందికి చూడండి. డాక్టరు, ప్రభుత్వం, తల్లి, కూతురు, సంఘం, పుట్టిల్లు, అందరూ కట్టారు. కొట్టినవాడు కట్టింది ఏదీ కనపడదు.

ఇలాంటి జాబితాలను దేశం మొత్తానికి కూడి చూడాలన్న ఆలోచన ఆర్థికవేత్తలకు ముప్పై నలభై ఏళ్ల కిందటే వచ్చింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2003లో వేసిన లెక్కలో, భర్తల, సహచరుల హింస వల్ల ఆడవాళ్లు ఏటా పోగొట్టుకునే జీతపు పనిదినాలు దాదాపు 80 లక్షలు. బ్రిటన్ హోం శాఖ 2019లో మరో లెక్క ప్రచురించింది. 2017 మార్చితో ముగిసిన ఒక్క ఏడాదిలో ఇంగ్లండ్, వేల్స్‌లలో గృహహింస బారిన పడినవాళ్ల మూలంగా సమాజానికి అయిన ఖర్చు 6,600 కోట్ల పౌండ్లని తేల్చింది. అందులో 4,700 కోట్లు శారీరక, మానసిక క్షోభకు కట్టిన విలువ. పోయిన ఉత్పత్తి 1,400 కోట్లు. పోలీసులు, ఆసుపత్రులు, కోర్టుల వాటా వీటి పక్కన చాలా చిన్నది. మనం మామూలుగా గృహహింస ఖర్చు అనగానే ఊహించుకునేది ఆ చిన్న వాటానే.

మనలాంటి దేశాలకు ఎక్కువ పనికొచ్చేది వియత్నాం లెక్క. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2012లో ప్రచురించింది. దానికి సారథ్యం వహించినవారి పేరు నాతా దువ్వూరి, ఐర్లండ్‌లోని గాల్వే విశ్వవిద్యాలయంలో పనిచేసిన పరిశోధకురాలు. ఇంటిపేరు ఎక్కడిదో ఈ సభకు చెప్పక్కర్లేదు. ఆ బృందం పెద్ద పెద్ద సంస్థల రికార్డులు ముందేసుకుని కూర్చోలేదు, ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి అడిగింది. పోయినసారి కొట్టినప్పుడు మందులకు ఎంతయింది, ఎన్ని రోజులు పనికి వెళ్లలేదు, పగిలిన సామాను మళ్లీ కొనడానికి ఎంతయింది అని. పగిలిన సామాను అని ప్రత్యేకంగా అడగాలన్న ఆలోచన రావాలంటే ఇలాంటి ఇళ్లు బాగా తెలిసి ఉండాలి. చేతి ఖర్చులు, పోయిన సంపాదన కలిపితే దేశ స్థూల ఉత్పత్తిలో 1.41 శాతం తేలింది. దెబ్బలు తినే ఆడవాళ్ల సంపాదన తిననివాళ్లకన్నా 35 శాతం తక్కువని, దానివల్ల పోయే ఉత్పాదకత మరో 1.78 శాతమని లెక్కగట్టారు.

మన దేశానికి అంతటి సమగ్రమైన లెక్క లేదు. 2000 ప్రాంతంలో మహిళలపై పరిశోధన చేసే ఒక అంతర్జాతీయ కేంద్రం కొన్ని నగరాల్లో, పల్లెల్లో జరిపిన సర్వేలో ఒక్కో ఘటనకు సగటున కనీసం అయిదు పనిదినాలు పోతున్నాయని తేలింది. వారానికి ఆరు రోజులు కూలికి వెళ్లే మనిషికి అది ఇంచుమించు వారం తిండి.

ఇలాంటి శాతాలు విని నాకు సంతోషం, అనుమానం రెండూ కలుగుతాయి. ఆర్థిక శాఖ కార్యదర్శి గారి ముందు కూర్చున్నప్పుడు స్థూల ఉత్పత్తిలో ఇంత శాతం అనకపోతే ఆయన ఫైలు మీంచి తల ఎత్తరు. అందుకు అవి కావలసిందే. ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది, చెప్పి తీరాలి. పోయిన పనిదినానికి విలువ కట్టేది ఆమె కూలి రేటుతో. బీడీ కార్మికురాలి రోజు కూలి తక్కువ, కనుక ఆమె చెయ్యి విరగడం చవక. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని రోజు జీతం ఎక్కువ, కనుక ఆమె చెయ్యి ఖరీదు. కూలికే వెళ్లని ఇల్లాలి చెయ్యి? ఈ పద్ధతిలో సున్నా. ఎంత పేదరాలైతే ఆమె మీద చెయ్యి చేసుకోవడం దేశానికి అంత గిట్టుబాటు అన్న అర్థం వస్తుంది. అంచేత మొత్తం ఎంత అనే ప్రశ్నకన్నా ఎవరు కడుతున్నారు అనే ప్రశ్న మీదే నాకు నమ్మకం ఎక్కువ.

ఇల్లాలి పనికి సున్నా అన్నాను. మన న్యాయస్థానాలు ఒక్క సందర్భంలో మాత్రం ఆ మాట ఒప్పుకోవు. లారీ గుద్దితే. మోటారు ప్రమాద పరిహారాల కేసుల్లో, ఆ తరహా ఇతర ప్రమాదాల్లో, చనిపోయిన ఇల్లాలి సేవలకు విలువ కట్టే అలవాటు పాతదే. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు ఆ సేవలను నెలకు 3,000 రూపాయలుగా లెక్కించింది. జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో పోయినవాళ్ల కేసు అది. 2021 జనవరిలో కీర్తి కేసు తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఇంటిపని విలువ మీద ప్రత్యేకంగా తన అభిప్రాయం రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పినవాళ్లలో ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షలేనని అందులో ఎత్తిచూపారు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనుల్లో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వాటికి వెచ్చించేవారు.

అదే చెయ్యి. జాతీయ రహదారి మీద లారీ తగిలి విరిగితే ఇన్సూరెన్సు కంపెనీ వకీలు, ఆమె వకీలు కూర్చుని ఆమె వంటకు, పిల్లల పెంపకానికి, ముసలి అత్తగారి సేవకు నెలకు ఎంతని వాదించుకుంటారు. వంటింట్లో మొగుడి చేతిలో విరిగితే బాత్రూంలో జారిపడింది.

ఇప్పటిదాకా దెబ్బను నష్టంగానే చూశాం. దెబ్బ కొందరికి రాబడి కూడా. ఈ మాట కటువుగా ఉంటుంది కానీ నా సొంతం కాదు. ఫ్రాన్సిస్ బ్లాక్, విజయేంద్ర రావు అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కర్ణాటకలోని మూడు గ్రామాల్లో పరిశీలించి 2002లో ఒక పేరున్న అమెరికన్ పత్రికలో పరిశోధన వ్యాసం ప్రచురించారు. కాస్త కలిగిన పుట్టింటి నుంచి వచ్చిన భార్యలకే దెబ్బలు ఎక్కువ పడుతున్నాయని వాళ్లకు తేలింది. లేనివాళ్ల పిల్లని కొడితే ఏం వస్తుంది? ఉన్నవాళ్ల పిల్లని కొట్టి పంపితే బైకు వస్తుంది. పెళ్లినాడు ఒప్పుకున్న లాంఛనాలు తీరాక, రెండో వాయిదా వసూలుకు కొట్టడం ఒక సాధనమన్నమాట. మన దగ్గర సంక్రాంతికి అల్లుడు అలగడం, ఆడపడుచు కట్నం తక్కువైందని ముఖం తిప్పుకోవడం నవ్వుకునే కబుర్లుగా చెప్పుకుంటాం. వాటి కింద పేరుకున్న భయం ధర ఆ వ్యాసంలో ఉంది. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఆంధ్రప్రదేశ్ అంతకన్నా ముందే, 1958లోనే, సొంత చట్టం చేసుకుంది. నేరమని రాసుకోవడంలో మనం ఎప్పుడూ వెనకబడలేదు.

వసూలు చేసే మరో చెయ్యి ప్రభుత్వానిది. ఇక్కడ నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తు చేసుకోవాలి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లను నడిపించిన రోశమ్మ పేరు అందరికీ తెలిసిందే. ఆ ఉద్యమాన్ని నీతి ఉద్యమంగా, తాగుడు పాపమన్న ఉద్యమంగా చెప్పడం మనకు అలవాటైంది. ఆ ఆడవాళ్లు మాట్లాడింది చాలావరకు లెక్కల గురించి. పగలంతా చేసిన కూలి సాయంత్రం సారా ప్యాకెట్టుకు పోతోంది, ప్యాకెట్టు ఇంటికి వచ్చి తంతోంది, ఆ ప్యాకెట్టు మీద ప్రభుత్వానికి డబ్బు వస్తోంది. అప్పట్లో సారా వేలంపాటల మీద రాష్ట్రానికి ఏటా వందల కోట్లు వచ్చేవి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో దాన్ని సడలించినప్పుడు చెప్పిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి ఖజానా ఖాళీ కావడం. ఖజానాకు తగ్గిన రాబడి రూపాయల్లో ఉంది, ప్రతి ఎమ్మెల్యే బల్ల మీదా ఉంది. ఆ రెండేళ్ల పైచిలుకు కాలంలో తగ్గిన దెబ్బలు, ఆగిన తాకట్లు, బడికి వెళ్లిన పిల్లలు ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక్క పళ్లెంతోనే తూకం వేశారు. తాగనివాళ్లు కొట్టరా అంటారేమో. కొడతారు, ఒళ్లు తెలిసే కొడతారు. మద్యం మానేస్తే హింస పోతుందని నేను అనను. నిషేధంలో కల్తీ సారా, దొంగ రవాణా ఉన్నాయి కూడా. నా ఫిర్యాదు ఆ నిర్ణయం మీద కాదు, దానికి ముందేసుకున్న కాగితం మీద.

ఇక పిల్లల సంగతి. విజయేంద్ర రావు గారి అంతకుముందటి పరిశీలనలోనే, తల్లి దెబ్బలు తినే ఇళ్లలో పిల్లలకు తిండి తక్కువ అందుతోందని కనపడింది. ఆ తల్లికి ఇంకో గరిటె అడిగే ధైర్యం ఉండదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివరాల మీద జరిగిన పరిశోధనలు కూడా హింసకు, తల్లీపిల్లల్లో రక్తహీనతకు, బరువు తక్కువకు సంబంధం చూపించాయి. మనం అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, ఐరన్ మాత్ర ఇస్తున్నాం. ఆ ఖర్చులో కొంత భాగం రాత్రి వంటింట్లో జరిగినదానికి పగలు వేస్తున్న అతుకు. ఏ బడ్జెట్ పుస్తకంలోనూ అది ఆ పేరుతో ఉండదు.

మరి ఖర్చు తగ్గించేది ఏది? చదువు, ఉద్యోగం అని వెంటనే చెబుతారు. నాకూ అలా చెప్పాలని ఉంది. కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు అంత సులువుగా ఒప్పుకోవు. ఉద్యోగం, కూలి చేసే ఆడవాళ్లలో దెబ్బలు తిన్నామన్నవాళ్ల శాతం చేయనివాళ్లకన్నా ఎక్కువే. పేదరికం ఉన్నచోటే ఆడవాళ్లు ఎక్కువగా పనికి వెళతారన్నది ఒక కారణం. సంపాదించి తెచ్చిన డబ్బు ఎవరి జేబులో పడాలన్న దగ్గరే గొడవ మొదలవుతుందన్నది మరో కారణం. జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు మొగుడి పర్సులో ఉంటే ఆ జీతం ఆమె బలమెలా అవుతుంది? హైదరాబాద్ గచ్చిబౌలిలోనూ ఇదే కథ.

జీతం కన్నా గోడలు, పైకప్పు గట్టివని చెప్పే పరిశోధన ఒకటి ఉంది. ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ 2001లో తిరువనంతపురం జిల్లాలో చేశారు. తన పేరున ఇల్లూ భూమీ రెండూ లేని ఆడవాళ్లలో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు తిన్నామని చెప్పారు. భూమి మాత్రమే ఉన్నవాళ్లలో అది 18 శాతం. ఇల్లు మాత్రమే ఉన్నవాళ్లలో 10. రెండూ ఉన్నవాళ్లలో 7. భూమికన్నా ఇంటికి బలం ఎక్కువ ఉండటం గమనించండి. వెళ్లిపోతే తలుపు తీయడానికి ఒక గది ఉందని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. చాలాసార్లు వెళ్లిపోవాల్సిన అవసరం కూడా రాదు.

ఈ విషయంలో తెలుగు నేల దేశంకన్నా ముందుంది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. కేంద్రం ఆ పని చేయడానికి 2005 దాకా పట్టింది. 1985 నాటికే పెళ్లయినవాళ్లకు ఆ వాటా రాలేదు కానీ మిగతావాళ్లకు వచ్చింది. వచ్చి ఎటు పోయింది? కట్నం ఇచ్చాం కదా అన్నారు. పసుపు కుంకుమ కింద ఎకరం రాసిస్తే, పెళ్లి తర్వాత అదీ అమ్మి అల్లుడి వ్యాపారంలో పెట్టించారు. మిగతా చోట్ల తండ్రి పోయిన ఏడాదిలోపే అన్నదమ్ములు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం పెట్టేటప్పుడు ఆమె లెక్క వేరు. వాటా అడిగితే పుట్టిల్లు దూరమవుతుంది, రేపు మొగుడు తన్ని తగలేస్తే వెళ్లడానికి చోటుండదు. దెబ్బ పడినప్పుడు ఆదుకునే ఆశకు ముందే కట్టేసిన ప్రీమియం ఆ వాటా. తీరా ఆ రోజు వస్తే వదిన గారి ముఖం ఎలా ఉంటుందో మీకు తెలుసు.

సముద్రాలు దాటినా ఇదే లెక్క. హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్లిన మన అమ్మాయిల్లో చాలామందికి చదువు ఉంటుంది, పనిచేసే అనుమతి ఉండదు. 2015 నుంచి కొందరికి ఆ అనుమతి దొరుకుతోంది, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే. బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం, వీసా, అన్నీ అతని కాగితాలకు వేలాడుతుంటే ఇంజినీరింగ్ పట్టా ఉన్న మనిషి కూడా అరుగు మీది బీడీ కార్మికురాలికన్నా బలహీనురాలే. ఆమెకు చాటైనా ఉంది.

మరి ఇంతమంది ఇంత కడుతుంటే ఎందుకు బయటికి రాదు? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త హింస ఎదుర్కొన్నామన్న వివాహిత స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్లలో సాయం కోరినవాళ్లు 14 శాతం. మూడొంతులకు పైగా ఎవరికీ చెప్పనే లేదు. ఇంకో అంకె ఉంది, దాన్ని మనం నెమ్మదిగా మింగాలి. ఫలానా కారణం ఉంటే మొగుడు కొట్టడం న్యాయమేనని చెప్పిన ఆడవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 84 శాతం చొప్పున ఉన్నారు. దేశంలో అప్పటికి ఇదే అన్నిటికన్నా ఎక్కువ. అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోవడం లాంటివి ఆ కారణాలు. మన ఆడవాళ్ల చైతన్యం ఇంతేనా అని పెదవి విరిచేవాళ్లతో నేను కలవను. ఫిర్యాదు చేస్తే అయ్యే ఖర్చు, ఊరుకుంటే అయ్యే ఖర్చు పక్కపక్కన పెట్టి చూసుకున్న మనిషి, ఊరుకోవడానికి ఒక కారణం కూడా వెతుక్కుంటుంది. ఇంటి గుట్టు లంకకు చేటని చిన్నప్పటినుంచీ విన్నాం. గుట్టు వల్ల చెడేది ఎవరన్నది ఆ సామెత చెప్పదు.

ఫిర్యాదు ఖర్చు అన్నాను కదా. 2005 గృహహింస చట్టం 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చింది. మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో పెట్టాలని, అరవై రోజుల్లో ముగించడానికి ప్రయత్నించాలని అందులో రాసుకున్నాం. కోర్టు వాకిలి తెలిసినవాళ్లు నవ్వుతున్నారు, చూస్తున్నాను. ప్రతి వాయిదాకూ ఒక రోజు కూలి, రాను పోను బస్సు, తోడు వచ్చేవాళ్ల టిఫిను, వకీలు గుమాస్తాకు చేతిఖర్చు. ఈ చట్టం కింద ఆమెకు సాయపడాల్సిన రక్షణ అధికారి చాలాచోట్ల వేరే పదవిలో ఉంటూ ఇది అదనంగా చూసే మనిషి. ఆయనకు, లేదా ఆవిడకు, ఈ పనికని విడిగా వాహనం ఉండదు. ప్రభుత్వం మిగుల్చుకున్న ఆ డీజిల్ ఖర్చు బాధితురాలి ఆటో చార్జీగా మారింది.

అయితే ఈ చట్టంలోనే, వకీళ్లు కూడా పెద్దగా పట్టించుకోని ఒక ఖాతా పుస్తకం ఉంది. సెక్షన్ 20. అందులో నాలుగు పద్దులు. పోయిన సంపాదన. వైద్య ఖర్చులు. ధ్వంసమైన, పాడైన, లాక్కుపోయిన ఆస్తి నష్టం. ఆ తర్వాత మనోవర్తి. అంటే వియత్నాంలో ఇంటింటికీ తిరిగి అడిగిన ప్రశ్నలే మన పార్లమెంటు చట్టంలో పెట్టింది, పగిలిన సామానుతో సహా. ఇంకా ముందుకెళ్లి, భర్త డబ్బు కట్టకపోతే అతని జీతంలోంచి నేరుగా కోసి ఆమెకు ఇవ్వమని యజమానిని ఆదేశించే అధికారం కూడా మేజిస్ట్రేటుకు ఇచ్చింది. రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు 2020 నవంబర్‌లో ఇచ్చిన తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, అప్పుల ప్రమాణపత్రం వేయాలి, మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్కించాలి. కొట్టినవాడి పేరున ఖర్చు రాయడానికి కావలసిన సరంజామా అంతా ఉంది. రాసేవాళ్లు లేరు. పిటిషన్లలో నాలుగో పద్దు మీదే వాదనంతా నడుస్తుంది. మొదటి మూడింటికీ రశీదులు కావాలి. ఆర్‌ఎంపీ రశీదు ఇవ్వడు, ఏరియా ఆసుపత్రి చీటీ మీద జారిపడినట్టు ఉంది, టేకేదారు పుస్తకం టేకేదారు దగ్గరే ఉంది.

ఇందులో కొన్ని ముడులు అంత కష్టమైనవి కావు. ముంబయిలో 2000 ప్రాంతంలో మునిసిపల్ ఆసుపత్రిలోనే దిలాసా అనే కేంద్రం పెట్టారు. దెబ్బలతో వచ్చిన మనిషిని పక్కకు కూర్చోబెట్టి అడగడం, అడిగింది రాయడం నర్సులకు, డాక్టర్లకు నేర్పారు. ఆసుపత్రి కాగితం మీద అసలు కారణం ఎక్కితే, అదే కోర్టులో రశీదు అవుతుంది. మన ఏరియా ఆసుపత్రుల్లో దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, ఒక కుర్చీ, ఒక తెర, శిక్షణ ఇచ్చిన ఒక నర్సు చాలు. మహిళా సంఘాల పుస్తకాల్లో, సభ్యురాలు వాయిదా కట్టలేకపోయిన కారణం రాసే గడి ఒకటి పెట్టవచ్చు. సంఘం ఆమె తరఫున కట్టిన మొత్తానికి సంఘం తీర్మానమే సాక్ష్యం. జీతంతో కూడిన సెలవు ఇంకో దారి. ఫిలిప్పీన్స్ 2004లోనే హింసకు గురైన ఉద్యోగినులకు పది రోజుల వేతన సెలవు ఇచ్చింది, న్యూజిలాండ్ 2019 నుంచి, ఆస్ట్రేలియా 2023 నుంచి అమలు చేస్తున్నాయి. మన ప్రభుత్వోద్యోగులకు ఆ సెలవు రేపే ఇవ్వవచ్చు. బీడీలు చేసేవాళ్లకు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు మాత్రం సెలవు ఇవ్వడానికి యజమాని అనే మనిషే కాగితం మీద దొరకడు. వాళ్లకు సెక్షన్ 20 తప్ప దారి లేదు.

ఈ సభలో లా చదివే పిల్లలు కొందరు ఉన్నారని విన్నాను. వేసవి సెలవుల్లో మీ మీ జిల్లా కోర్టుల్లో ముగిసిన గృహహింస కేసుల తీర్పులు, పేర్లు తీసేసి, చదివే వీలుందేమో అడగండి. మొదటి మూడు పద్దుల కింద ఎందరు అడిగారు, ఎంత అడిగారు, ఎంత ఉత్తర్వు వచ్చింది, అందులో చేతికి ఎంత అందింది అని నాలుగు గళ్లు గీసుకోండి. అడగనిచోట ఎందుకు అడగలేదో ఆ వకీలును కూడా అడగండి. రెండు రాష్ట్రాల్లో పది జిల్లాలు పూర్తయితే, వచ్చే బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖ బల్ల మీద పెట్టడానికి మన సొంత కాగితం ఒకటి తయారవుతుంది. శాతాల్లో కాదు, రూపాయల్లో, కట్టాల్సినవాడి పేరు ఉన్న గడితో సహా.